పక్షులను కాస్త దగ్గరికి తోలకూడదా?

ధ్యాన భాగం: సంఖ్యాకాండము 11వ అధ్యాయం, 102వ కీర్తన

మైపాడు బీచ్‌లో ఒక సాయంత్రం నాకు నాలుగు బారల దూరంలో ఒక తండ్రి తన ఇద్దరు పిల్లలకు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. కర్నూలు వైపు నుంచి వచ్చారట. సముద్రంలో పొద్దు మునగడం చూపిస్తానని మాటిచ్చి తీసుకొచ్చాడు. తీరా చూస్తే పొద్దు సముద్రం వైపు పోనేలేదు. వెనక సరుగుడు తోపులోకి దిగి, కొమ్మల సందున రెండు నిమిషాలు మెరిసి మాయమైంది. "బీచ్‌కి వచ్చి చెట్లల్లో మునిగే సూర్యుణ్ణి చూడాల్నా? ఇదేం బీచ్?" అన్నాడాయన. ఎవరినీ ఉద్దేశించి అనలేదు, అందరికీ వినబడింది.

మనది తూర్పు తీరం. ఆయన కోరిన దృశ్యం గోవాలోనో కేరళలోనో దొరుకుతుంది. ఇక్కడ సూర్యుణ్ణి నీళ్ల మీద చూడాలంటే తెల్లవారుజామున లేచి రావాలి. పున్నమి నాడైతే సాయంత్రం వచ్చినా చాలు, అటు తోపులో పొద్దు దిగే వేళకు ఇటు నీళ్లలోంచి చంద్రుడు లేస్తాడు. ఈ మాట చెబుదామని నేను లేచేలోపే ఆయన చెప్పులు చేతబట్టుకుని, పిల్లలను నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. అరనిమిషం ముందు లేచి ఉంటే ఆ పిల్లలు ఆ రాత్రికి నెల్లూరులో ఆగి, పొద్దున్నే మళ్లీ వచ్చేవాళ్లేమో. ఆ బాధ నాకిప్పటికీ పోలేదు. ఆయన ఫిర్యాదు వినడానికి వింతగానే ఉంది. అయితే ఆయనకు సూర్యుడి మీద కోపమేముంటుంది? పిల్లలకిచ్చిన మాట తప్పిపోయిందని ఆయన దిగులు.

అమెరికాలోని డిస్నీ పార్కుల్లో పనిచేసేవాళ్లకు బాగా తెలిసిన ప్రశ్న ఒకటుంది. మూడు గంటల ఊరేగింపు ఎన్ని గంటలకు అని సందర్శకులు అడుగుతారట. వినగానే ఎవరికైనా నవ్వొస్తుంది. అక్కడి సిబ్బందికి మాత్రం నవ్వవద్దని నేర్పుతారు. ఊరేగింపు మూడింటికి ఒక చివర బయల్దేరుతుంది సరే, ఇక్కడ ఈ మూలన, చంకలో బిడ్డతో నేను నిలబడ్డ చోటికి ఎప్పుడొస్తుంది అన్నది వాళ్లు అడగాలనుకున్న ప్రశ్న. అడగడం చేతకాక మాట అలా వంకరపోతుంది. ఇది తెలిసినప్పటి నుంచి ఎవరైనా పొంతన లేని మాట అంటే దాని వెనక ఏముందోనని వెతకడం నాకు అలవాటైంది.

2025 జనవరి 18 నుంచి 20 దాకా సూళ్లూరుపేట వైపు ఫ్లెమింగో పండగ జరిగింది. ఆ సందడి తగ్గాక, తర్వాతి శనివారం మా సండే స్కూలు పిల్లలను అటు తీసుకెళ్లాం. ఒక బస్సు, పులిహోర పొట్లాలు, పెరుగన్నం, మంచినీళ్ల క్యాను. పిల్లలతో పాటు ఒక పిల్లవాడి నాయనమ్మ కూడా ఎక్కింది. ఆమెను అందరూ అవ్వ అనే పిలిచారు, నేనూ అలాగే పిలిచాను. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు.

ముందు నేలపట్టులో దిగాం. దొరవారిసత్రం దగ్గర ఉన్న ఈ చెరువు 1976 నుంచి పక్షుల రక్షిత ప్రాంతం. వానలకు చెరువు నిండాక నీళ్లల్లో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో మొదలుపెట్టి గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలను సాకి, ఎండలు ముదిరేలోపు తీసుకుపోతాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు కూడా ఆ కొమ్మల మీదే సర్దుకుంటాయి. మేము వెళ్లేసరికి గూడబాతు పిల్ల ఒకటి తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేసి మేత తింటోంది. మా పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు.

మా పక్కనున్న ఒక పెద్ద కుటుంబం మాత్రం ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుంది. వాళ్లల్లో ఒకామె, "చెట్లన్నీ సున్నం కొట్టినట్టు ఎట్టా ఉండాయో చూడండి. వారానికొకసారన్నా నీళ్లు కొట్టి కడిగించొచ్చు కదా" అంది. ఆ తెలుపంతా పక్షుల రెట్ట. ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు పారితే పైరు బాగా ఎదుగుతుందని ఆ ఊరి రైతులకు తరాలుగా తెలుసు. ఊరివాళ్లు ఈ పక్షుల జోలికి ఎవరినీ రానివ్వకపోవడానికి ఆ తెలుపు కూడా ఒక కారణం. అక్కడ బతికేవాళ్లకు ఎరువైంది, అరగంటకు వచ్చినవాళ్లకు కంపు అయింది. నేను ఆమెను తప్పుపట్టను. వాసన నిజంగానే గట్టిగా ఉంది.

అక్కడి నుంచి పులికాట్. తెలుగులో దీని పాత పేరు ప్రళయకావేరి. చిలికా సరస్సు తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు ఈ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. రోడ్డు మీద నిలబడితే రెండు పక్కలా మోకాటి లోతు నీళ్లు, మధ్యలో బురద తిప్పలు, దూరంగా నీటి గీత మీద మల్లెదండ పరిచినట్టు రాజహంసల (ఫ్లెమింగోల) బారు. ఆ బారు చూసేసరికి నాకు గొంతు పూడుకుపోయింది. నిజంగా చెబుతున్నాను, రెండు నిమిషాలు పిల్లలను లెక్కపెట్టడం కూడా మరిచిపోయాను.

నా చుట్టూ మాత్రం ఫిర్యాదులే. "ఇంత దూరంగా ఉంటే ఏం కనబడతాయి? ఎవరైనా పడవలో పోయి కాస్త దగ్గరికి తోలకూడదా?" అని ఒకాయన. "అన్నీ తలలు నీళ్లల్లోనే పెట్టుకున్నాయి, ఒక్కటన్నా తలెత్తి చూడదేం?" అని ఫోన్ పైకెత్తి పట్టుకున్న ఒక కుర్రవాడు. "గులాబీ రంగని చెప్పారు, ఇవి తెల్లకొంగల్లాగే ఉన్నాయి" అని ఇంకొకామె తన కూతురి పుస్తకంలో బొమ్మను చూపించి వాదించింది. ఇంతకు ముందు రాకెట్ చూడ్డానికి ఇదే దారిన వచ్చినాయన, "మొన్నటేడు అది మబ్బులోకి దూరింది, ఇప్పుడివి నీళ్లల్లోకి తలకాయలు దూర్చినాయి, మాకు ఈ రోడ్డు కలిసిరాదు" అని చేతులెత్తేశాడు.

ప్రతి ఫిర్యాదుకూ జవాబుంది. ఆ పక్షి తల ఎత్తకపోవడం దాని పని. వంకర ముక్కును తలకిందులుగా నీళ్లల్లో ఉంచి, నాలుకతో నీటిని లోపలికి లాగి, ముక్కు అంచున ఉండే సన్నటి జల్లెడ గుండా బయటికి నెడుతుంది. నాచు, చిన్న చిన్న రొయ్యపురుగులు లోపల మిగులుతాయి. రోజులో ఎక్కువ భాగం అలా వంగి ఉంటేనే కడుపు నిండుతుంది. రంగు కూడా ఆ తిండిలోంచే వస్తుంది. పుట్టినప్పుడు బూడిద రంగులో ఉంటాయి, గులాబీ రావడానికి ఏళ్లు పడుతుంది, అప్పుడు కూడా మన దగ్గరికొచ్చే జాతికి లేత రంగే. రెక్క విప్పినప్పుడే లోపలి ఎరుపు, నలుపు బయటపడతాయి. పిల్లల పుస్తకాల్లో ఉండే ముదురు గులాబీ పక్షి కరీబియన్ తీరాలది. దూరం సంగతికొస్తే, పడవ దగ్గరికి పోయిందంటే అవి నీటి మీద పరుగెత్తి లేచిపోతాయి, ఆ పూట మేత పోతుంది. ఇవన్నీ పిల్లలకు చెప్పాను, వాళ్లు విన్నారు.

అవ్వ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, అరచెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇవి ఎన్నాళ్లుంటాయి టీచరమ్మా?"

"ఎండలు ముదిరి నీళ్లు ఇంకిందాకా ఉంటాయవ్వా."

"ఆ తర్వాత?"

"పోతాయి. ఎక్కువగా గుజరాత్ వైపు, కచ్ అని ఉప్పు భూములు ఉన్నాయి, అక్కడ గుడ్లు పెడతాయి."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోయేటివి ఎందుకొస్తాయమ్మా? వచ్చినట్టే వచ్చి, కళ్లకు అలవాటయ్యేలోపు లేచిపోయేదానికి ఇంత దూరం రావాల్నా?" అంది. గొంతులో కోపముంది. పిల్లలు పకపకా నవ్వారు. నేను నవ్వలేదు. ఆమె కొడుకు కువైట్‌లో డ్రైవరని, రెండేళ్లకొకసారి నలభై రోజులకు వస్తాడని, సంక్రాంతికి వచ్చి వారం కిందటే విమానమెక్కాడని నాకు తెలుసు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక సంఖ్యాకాండము 11వ అధ్యాయం తెరిచాను. ఇది కూడా ఫిర్యాదుల అధ్యాయమే. ఐగుప్తులోంచి బయటపడ్డ జనం ఎడారిలో రోజూ మన్నా తిని విసిగిపోయారు. మాంసం కావాలన్నారు. ఐగుప్తులో ఊరికే దొరికిన చేపలను తలుచుకున్నారు. కీరకాయలను, దోసకాయలను, ఉల్లిపాయలను, తెల్లగడ్డలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి ఏడ్చారు. ఇటుకల బట్టీలు, కొరడాలు ఆ జాబితాలో లేవు. నాలుక జ్ఞాపకం అలాగే ఉంటుంది, దాని కోసం వాళ్లను నేను వెక్కిరించలేను. నెల్లూరు వదిలి హైదరాబాదులో స్థిరపడ్డ మా బంధువులు మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసును తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను.

ఎన్నో ఏళ్లుగా చదువుతున్నా నా కంటపడని ఒక చిన్న వివరం ఆ రాత్రి కనబడింది. వాళ్లు ఎక్కడ ఏడ్చారో ఆ అధ్యాయం చెబుతుంది. ఎవరి గుడారపు వాకిట్లో వాళ్లు ఏడ్చారు. ఇంటి ముందు నిలబడి పక్కింటివాళ్లకు వినబడేలా ఏడ్చారు. ప్రత్యక్ష గుడారం పాళెంలోనే ఉంది. అలా ఏడ్చినవాళ్లల్లో ఒక్కరూ తమ మొరతో దాని వైపు నడిచినట్టు ఆ అధ్యాయంలో లేదు.

అదే అధ్యాయంలో మోషే కూడా ఫిర్యాదు చేశాడు. జనం అన్నదానికంటే ఆయన అన్నది చాలా గట్టి మాట. ఈ జనమంతటినీ నేనేమైనా కన్నానా, చంటిబిడ్డను రొమ్మున మోసినట్టు వీళ్లను నేను మొయ్యాలా, ఈ భారం నావల్ల కాదు, నా మీద దయ ఉంటే నన్ను చంపెయ్ అన్నాడు. జనం అడిగింది మాంసం, మోషే అడిగింది చావు. అయినా దేవుడు ఆయన మీద కోపగించలేదు. డెబ్బైమంది పెద్దలను పిలువు, నీతో పాటు వాళ్లూ ఈ భారం మోస్తారు అన్నాడు. మోషే నోరు మూయించలేదు, మోషే మీది బరువు తగ్గించాడు. మోషే తన మాటను నేరుగా దేవుడితోనే అన్నాడు. రెండు ఫిర్యాదులకూ మధ్య నాకు కనబడే తేడా అదొక్కటే.

ఒక ఇంట్లో కూర చప్పగా ఉందనుకోండి. అమ్మా కాస్త ఉప్పెయ్యి అంటే ఆమె లేచి డబ్బా అందిస్తుంది. అదే మాటను పిల్లలు పక్క గదిలో చేరి గుసగుసలాడుకుంటే ఆమెకు వినబడుతూనే ఉంటుంది. ఉప్పు తక్కువైందన్న మాట ఆమెను నొప్పించదు. నాతో అనొచ్చు కదా అనిపిస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఆ అధ్యాయం చివర్లో పక్షులొస్తాయి. సముద్రం వైపు నుంచి గాలి వీచి పూరేళ్లను పాళెం చుట్టూ ఒక దినప్రయాణమంత మేర తెచ్చి పడేసింది. పూరేళ్లు నిజంగానే వలస పక్షులు. ఆఫ్రికాకూ ఐరోపాకూ మధ్య మధ్యధరా సముద్రం దాటి వచ్చి, అలసిపోయి సీనాయి తీరంలో నేల మీద వాలిపోతాయి. అక్కడివాళ్లు ఈ కాలం దాకా వాటిని వలలతో పట్టారు. అంటే పక్షులను దగ్గరికి తోలమన్న కోరిక ఆ రోజు అక్షరాలా తీరింది. కాళ్ల దగ్గరే, రెండు మూరల ఎత్తున పడ్డాయి. రెండు పగళ్లు, ఒక రాత్రి కూర్చుకున్నారు. ఆ తర్వాత వచ్చిన తెగులు గురించి చదవడం నాకు ఎప్పుడూ కష్టమే. దాన్ని సులువు చేసి చెప్పే ప్రసంగాలు విన్నాను, అవి నా మనసుకు ఎక్కలేదు. అడిగింది చేతికొచ్చాక కూడా ఇచ్చినవాడి వైపు ఒక్కరూ తిరగలేదన్నది మాత్రం ఆ పేజీలో నాకు కనబడుతుంది. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

మన తెలుగులో దీనికి రెండు మాటలున్నాయి. సణుగుడు, మొర. సణుగుడు పళ్ల మధ్యే తిరుగుతుంది, పక్కకు పోతుంది. మొరను ఎవరో ఒకరి ముందు పెట్టాలి, అందుకే మొరపెట్టుకోవడం అంటాం. 102వ కీర్తన తలకట్టులోనే అది ఒక నలిగిపోయిన మనిషి దేవుని ముందు పెట్టిన మొర అని ఉంది. కీర్తన మొదట్లో అంతా ఫిర్యాదే. ఎముకలు కాలిపోతున్నాయంటాడు, అన్నం తినడం మరిచిపోయానంటాడు, తాగే నీళ్లల్లో కన్నీళ్లు కలుస్తున్నాయంటాడు. తనను తాను దిక్కులేని చోట ఉన్న పక్షితో పోల్చుకుంటాడు. మన తెలుగు బైబిలు అనువాదకులు ఆ పక్షికి గూడబాతు అని పేరు పెట్టారు. పొద్దున నేలపట్టులో పిల్లను సంచిలోంచి తినిపిస్తూ కనబడిన అదే పక్షి. ఇంత ఫిర్యాదును దేవుని ప్రజలు పారేయలేదు, సణుగుడని పక్కన పెట్టలేదు. పాటల పుస్తకంలో చేర్చి పాడుకున్నారు.

మన సంఘాల గురించి ఒక మాట చెప్పాలి, బాధతోనే చెబుతున్నాను. ఆరాధనలో మనం ఎప్పుడూ స్తోత్రమే చెబుతాం. ఎలా ఉన్నారమ్మా అంటే దేవుని కృప అంటాం. ఆ గుమ్మం దాటి చెప్పులేసుకునేటప్పుడు అసలు కథ పక్కవాళ్లకు చెప్పుకుంటాం. అప్పుల సంగతి, అల్లుడి సంగతి, రొయ్యల గుంట దెబ్బతిన్న సంగతి, అన్నీ చెప్పుల దగ్గరే. సణగవద్దని పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన మాటను ఏడ్చేవాళ్ల నోటికి అడ్డం పెట్టడం కూడా చూశాను. పౌలే తన శరీరంలోని ముల్లు గురించి ప్రభువును మూడుసార్లు వేడుకున్నానని రాసుకున్నాడు.

నేనూ అలాగే ఉన్నాను. మా అమ్మ చివరి నెలల్లో ఆమె నొప్పి గురించి చెల్లెలితో, పక్కింటివాళ్లతో, ఆటో అతనితో కూడా చెప్పుకున్నాను. మోకరించినప్పుడు మాత్రం మర్యాదగా మాట్లాడాను. నీ చిత్తం ప్రభువా అన్నాను. నిజానికి నాకు ఆ చిత్తం అర్థం కాలేదు, ఒప్పుకోవడం కూడా కుదరలేదు. ఒక రాత్రి మాత్రం వంటింట్లో నిలబడి, ఎందుకిలా చేస్తున్నావని గట్టిగా అడిగేశాను. అమ్మ నొప్పి తగ్గలేదు. కాని ఆ రాత్రి నుంచి నేను ఒంటరిగా ఆమెను కనిపెట్టుకుని కూర్చున్నట్టు అనిపించలేదు.

పులికాట్ నుంచి తిరిగొచ్చేటప్పుడు అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. పిల్లలు నాయుడుపేట దాటేదాకా పాటలు పాడి, తర్వాత ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. వాళ్ల ఊరి మలుపు దగ్గర బస్సు ఆగింది. మనవడిని ముందు దించి, తాను మెట్టు మీద నిలబడి నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, నువ్వు ప్రార్థన చేసేటప్పుడు ఆయన్ని అడుగు. పోయేటివి ఎందుకొస్తాయో నేనడిగానని చెప్పు."

"మీరే అడగండవ్వా."

"అట్టా అడగొచ్చా?"

"అడగొచ్చు."

ఆమె పైట తల మీదికి లాక్కుంది. డ్రైవర్ ఇంజన్ ఆపాడు.

"నాయనా," అంది. "రెండేళ్లకొకసారి తెచ్చి చూపిస్తావు. కళ్లకు అలవాటయ్యేలోపు తీసుకుపోతావు. ఒక కన్ను మంచిగా చేశావు, ఆ కంటితో వాడు పోవడమే చూశాను. నాకు ఇది బాగలేదు. నువ్వు నాతో ఉన్నావా లేదా చెప్పు. అక్కడ ఎండలో వాడికి దాహమేస్తే చూసుకో."

ఆమెన్ అనడం మరిచిపోయి మెట్టు దిగింది. వెనక సీట్లో నిద్రపోతున్నాడనుకున్న పిల్లవాడెవరో అన్నాడు.